కొమ్ములున్నంత కాలం

ఆ దుప్పుల మందలో కొమ్ములు రాలిపోయేంత వరకే పెద్దరికం. ఆ ఏడు మంద పెద్ద గంభీరుడు వాగులో నీళ్లు తాగుతుంటే కొమ్ములు రెండూ రాలాయి. దిగిపోతే తన మాట వినేదెవరని బెంగపడి, వాటిని తిప్పతీగతో తలకి కట్టేసుకున్నాడు.

వానలు పడ్డాయి. తెంపినా చావని ఆ తీగ కొమ్ముల మీదే చిగుళ్లు వేసింది.

"పెద్దయ్యా, మీ కొమ్ములు చిగురించాయి," అంది చుక్కమ్మ అనే ఆడ దుప్పి.

"చూశారా, ఇంకో పదేళ్లు నాకు ఢోకా లేదు," అని గంభీరుడు దండాలు అందుకోవడానికి తల వంచాడు. మంద మొత్తం వరసగా వచ్చి, ఆయన తల దగ్గర కాసేపు ఆగి మరీ వెళ్లింది. ఇంత భక్తి పెట్టుకున్న వాళ్లకా నేను భయపడ్డాను అనుకున్నాడు.

అంతలో కొమ్ములు రెండూ కింద పడ్డాయి.

"ఎవరూ చూడలేదుగా?" అన్నాడు గంభీరుడు.

"లేదు పెద్దయ్యా," అంది చుక్కమ్మ తీగ నములుతూ, "అందరం తింటున్నాం."