మీ గుట్టు మీ గుప్పిట్లో

"ఈ దగ్గుమందు మీకు ఇవ్వకూడదమ్మా," అన్నాడు ఆసుపత్రి మందుల కౌంటరులో అతను, ఆమె ఆరోగ్య కార్డుని మిషన్లోంచి తియ్యకుండానే.

"ఎందుకని?" అంది ఆమె. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"తాగుడు మానడానికి బిళ్ళలు వాడుతున్నారు కదా. ఇందులో కాస్త ఆల్కహాలు ఉంటుంది. రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది."

అతను మామూలుగానే చెప్పాడు. కాకపోతే మధ్యలో అద్దం ఉంది కనక, రోజూ అందరికీ చెప్పేటంత గట్టిగా చెప్పాడు. వరసలో వాళ్ళ కబుర్లు ఠక్కున ఆగిపోయాయి.

"నేనా? బుద్ధెరిగి దాని వాసన కూడా చూడలేదు. సరిగ్గా చూడండి."

"పేరు మీదే, ఫోటో మీదే. పోయిన వారం కూడా మందు వెళ్ళింది," అని తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె కంటే ముందు వెనకవాళ్ళే మెడలు చాచి చదివేశారు.

"చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంది!" అంది ఒక గొంతు.

"పద్ధతిగానే తాగుతుందేమోలే," అంది ఇంకో గొంతు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమెకి తల తీసేసినట్టయింది. దగ్గొస్తే నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. వెనకున్నావిడ ఒకడుగు దూరం జరిగింది, వాసన దాచుకుంటోంది అనుకుంది కాబోలు. ఎటు చూడాలో తెలియక ఆమె అద్దానికి అంటించిన కాగితం వైపు చూసింది. కార్డుని పట్టుకున్న చెయ్యి బొమ్మ, కింద 'మీ గుట్టు మీ గుప్పిట్లో' అని పెద్దక్షరాలు. ఆ మాట రాసింది ఆమె భర్తే, ఈ కార్డులిచ్చే శాఖలో అధికారి. 'గుప్పిట్లోనే' అని రాస్తే, చివర అంత నొక్కి చెప్పక్కర్లేదని అన్నం వడ్డిస్తూ ఆమే తీయించింది.

తోడుగా వచ్చిన ఆడపడుచు ఆమె భుజం పట్టుకుని రోగిని నడిపించినట్టు బయటికి నడిపించింది.

"ఎప్పట్నించి వదినా?"

"నీకేమైనా మతిపోయిందా?"

"మిషను తప్పు చెప్పదని అన్నయ్యే టీవీలో చెప్పాడు కదా. అందుకేనా పాపం, సాయంత్రాలు అంత ఆలస్యంగా ఇంటికొస్తాడు! మాతో ఒక్కమాట అనలేదు చూడు."

ఆ జాలికి ఆమె ఇంకా కుంచించుకుపోయింది. ఏదో పొరపాటు జరిగింది, భర్త ఒక్క ఫోను చేస్తే తేలిపోతుంది. ఇంట్లో అందరి కార్డులూ ఆయన పర్సులోనే ఉంటాయి, మందులు తెచ్చేదీ ఆయనే. కార్డు వస్తే చాలు, మనిషి రానక్కర్లేదు. ఇవాళ సెలవు కదా, ఆయన్ని నిద్ర లేపడం ఎందుకని తన కార్డు తనే తీసుకుని వెళ్ళింది.

ఇంటికొచ్చేసరికి ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆడపడుచు చెప్పులు కూడా విప్పకుండా జరిగిందంతా చెప్పేసింది.

"వదినని తిట్టకు అన్నయ్యా. అదీ ఒక జబ్బే."

ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఆగిపోయింది.

"సరేలే. ఎవరితోనూ అనకు," అన్నాడు చెల్లెలితో. భార్య మొహంలోకి చూడలేదు. గబగబా గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె వెనకే వెళ్ళి తలుపు వేసింది. "అదేం మాటండీ? మా ఆవిడ అలాంటిది కాదని ఒక్కమాట అనలేకపోయారా? ముందు ఫిర్యాదు పెట్టండి. ఆ కౌంటరు ముందుకి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఫిర్యాదు వద్దు." అతను మంచం అంచున కూర్చున్నాడు. "కార్డులో తప్పేం పడలేదు. ఆ బిళ్ళలు నావి."

"అన్నయ్యా, చొక్కా మాడిపోతోంది!" అని బయటినుంచి కేక. ఇద్దరూ కదల్లేదు.

"మీరు తాగుతారా?"

"ఆఫీసు పని అని చెప్పిన రోజుల్లో... మానేస్తున్నాను, నిజం. డాక్టరు నా స్నేహితుడే, నీ పేరున రాయించాను. ఇంకొన్నాళ్ళు నువ్వు ఊరుకుంటే చాలు."

"మీకు కార్డు లేదా?"

"నా దాంట్లో పడితే ఆఫీసులో తెలిసిపోతుంది. ఉద్యోగం ఉండదు."

"ఎలా తెలుస్తుంది? డాక్టరు తప్ప ఎవరూ తెరవలేరని ఊరంతా చెప్పుకొచ్చింది మీరే కదా?"

అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు. "తెరుస్తారు. ఎవరినైనా తీసెయ్యాలనుకుంటే పైవాళ్ళు అడుగుతారు. వాళ్ళ కార్డు చూసి, ఏదో ఒకటి పట్టుకుని చెప్పాలి."

పొద్దుట్నించీ దిగమింగుకున్నదంతా ఆమెకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "పరాయివాళ్ళ జబ్బులు తవ్వి కడుపు మీద కొట్టేవాడు ఒకడున్నాడన్నమాట! వాడికి భయపడి నన్ను నలుగురిలో నిలబెట్టారా? ఎవడండీ ఆ సిగ్గులేనివాడు?"

అతను తల పూర్తిగా దించేసుకున్నాడు.

"నేనే."