బండ అంచున ఐదు గుంటలు

పన్నెండు మంది బయల్దేరారు. గుట్ట ఎక్కేసరికి పదమూడు మందయ్యారు.

ఆ పదమూడో మనిషికి డెబ్బై దగ్గరపడి ఉంటాయి. పంచె, పాత స్వెట్టరు, చేతిలో కర్ర, నోటినిండా తెలుగు. కటవారియా సరాయ్‌లో కోచింగ్ తీసుకునే పిల్లల్లో ఎవరికో నాన్న కాబోలనుకున్నారు గుర్గావ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్లలో ఎవరికో మామగారనుకున్నారు పిల్లలు. అందరూ కలిసి "అంకుల్" అనేశారు.

గైడు మనోహర్‌కి ఆరా తీసే తీరిక లేదు. మునిర్కాలో గది తీసుకుని మూడేళ్లుగా ఆదిమానవుల మీద పరిశోధన చేస్తున్నాడు. జనాన్ని వెంటబెట్టుకు రావడం మాత్రం ఇదే మొదలు. ఇవాళ వీళ్లని మెప్పించకపోతే వచ్చే ఆదివారం ఒక్కరూ రారు.

దారిపొడుగునా పెద్దాయన కోతలే కోతలు.

"నేనొచ్చిన్నాడు ఈ గుట్ట మబ్బులకు తగులుతుండె. సూర్యుడు దీన్ని ఎక్కలేక పగటి పన్నెండుకు వచ్చేటోడు."

"అచ్ఛా! మరి ఇంత పొట్టిదెలా అయింది అంకుల్?" అంది పిల్లల్లో ఒకమ్మాయి, శ్రుతి.

"సగం నేనే తిన్న బిడ్డా."

అందరూ పడీపడీ నవ్వారు, మనోహర్ తప్ప. తన పాఠం వినే చెవులన్నీ ఆయన ఎత్తుకుపోతున్నాడు.

ఇంతలో బండ వచ్చింది. చూరులా వాలిన రాతి కింద ఎర్రటి గీతల బొమ్మలు. చేతులు పట్టుకున్న మనుషులు, కొమ్ముల జంతువు.

అందరూ నోళ్లు తెరిచారు. మనోహర్ ఛాతీ జానెడు పెరిగింది. అదే ఊపులో బండ అంచు చూపించాడు. గుండ్రంగా, వరసగా ఐదు గుంటలు.

"ఇవీ ఆ కాలానివే. రంగు నూరుకునేవాళ్లు."

"గవి గంత పాతవి కావు సారూ."

"అంకుల్, ప్లీజ్!"

"మట్టి తీసి చూడు. మూరెడు లోతుంటది. గంత లోతుల రంగెట్ల నూరుతరు?"

కిసుక్కుమని ఎవరో నవ్వారు. మనోహర్ మొహం కందిపోయింది.

"రాళ్ల గురించి మీకేం తెలుసండీ? వింటే వినండి, లేదా వెళ్లి కారులో కూర్చోండి."

"ఠీక్ హై సారూ," అని పెద్దాయన నవ్వుకుంటూ దిగిపోయాడు.

మనోహర్‌కి మనసు ఆగలేదు. ఒక గుంటలో మట్టి గీకి పుల్ల దూర్చాడు. పుల్లంతా దిగిపోయింది.

మేకలు తోలుకొస్తున్న ఊరాయన హిందీలో అడిగాడు. "ధర్మయ్య వెళ్లిపోయాడా? తన భాష వాళ్లొస్తున్నారని పొద్దున్నుంచీ కాచుకున్నాడే!"

"ఆయన మాతో వచ్చినాయన కాదా?"

"మా ఊరి మనిషే భయ్యా. పాలమూరు నుంచి క్వారీలో రాళ్లు కొట్టడానికొచ్చాడు."

"మా జిల్లా!" అంది శ్రుతి.

"మరి ఈ గుంటలు?" మనోహర్ గొంతు తగ్గింది.

"బండ పేల్చడానికి ధర్మయ్యే కొట్టాడు. ఐదోది కొడుతుంటే బండను కప్పిన చెట్ల తీగలు ఊడిపడి కింద బొమ్మలు బయటపడ్డాయి. ఇక పేలుడుమందు కూరనన్నాడు. కాంట్రాక్టరు పని పీకేసి ఇంకొకణ్ని పంపాడు."

"అతను కూరాడా?"

ఊరాయన మీసం దువ్వుకున్నాడు.

"ఎలా కూరతాడు? గుంటల మీద బోర్లా పడుకున్న మా ధర్మయ్య, క్వారీ మూతపడేదాకా లేవలేదుగా!"