మూడోసారి

తెల్ల అధికారి మొదటిసారి అడిగినప్పుడు దీవి పెద్ద జిబాన్ తల వంచి, "మీరు మాకు పెద్దవాళ్ళు. మీ మాట కాదనేదేముంది," అన్నాడు.

ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న లిమాటో కంగారు పడలేదు. మొదటి జవాబు జవాబే కాదు. ఆ దీవిలో తినమని పిలిచినా, పిల్లనిమ్మని అడిగినా, మొదటి రెండుసార్లూ చెప్పేది మర్యాద కోసం. మనసులో మాట మూడోసారి చెబుతారు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. తెల్లవాళ్ళకు తెలుసో లేదో. ఒక్కసారి అడిగి, సరేనన్నారు కదా అని వెళ్ళిపోతారేమోనన్నదే ఆమె భయం.

వాళ్ళు అడిగింది చిన్న వస్తువు కాదు. దీవినే అడిగారు. కొత్త బాంబేదో ఇక్కడ పేల్చి చూసుకుంటారట. జనమంతా ఓడెక్కి, తాగే నీళ్ళు సరిగా లేని ఇంకో దీవికి పోవాలట. కొన్నాళ్ళకేనని దుబాసీ అల్మెన్ చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేకపోయాడు. అతను పొరుగు దీవివాడే, లిమాటోకి చెల్లెలి కొడుకు వరస.

మార్షల్ దీవుల్లో నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది. లిమాటో నేలకు ఆ చివర సముద్రం, ఈ చివర దిబ్బల మధ్య నిలిచిన ఉప్పునీటి మడుగు. మధ్య నడక ఒక పాట పాడుకున్నంతసేపు. ఆ కాస్తలోనే తల్లి సమాధి, నాలుగు సీమపనస చెట్లు, కొబ్బరితోపు. రేపు ఇద్దరు కూతుళ్ళకు ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. జర్మనీవాళ్ళు ఎండుకొబ్బరి కోసం వచ్చారు, పట్టుకుపోయారు. జపానువాళ్ళు సముద్రాన్ని కాపలా కాయడానికి వచ్చారు, ఓడిపోయి పోయారు. ఎవరొచ్చినా నేల మాత్రం ఉన్నచోటే ఉంది. వీళ్ళకు ఆ నేలే కావాలట.

అధికారి తన మనుషులతో ఏదో మాట్లాడాడు. మగవాళ్ళందర్నీ లేపి, మడుగు వైపు తిరిగి కూర్చోమన్నారు. మళ్ళీ అడుగుతారని అల్మెన్ చెప్పాడు.

లిమాటో ఊపిరి పీల్చుకుంది. ఈ మనిషికి పద్ధతి తెలుసు.

రెండోసారి కూడా జిబాన్ ఆ మాటే అన్నాడు. అధికారి లేచి, మూడేసి కాళ్ళ మీద నిలబెట్టిన పెట్టెల దగ్గర ఉన్నవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. వారం రోజులుగా పగడపు దిబ్బల్నీ మడుగు లోతునీ ఇలాంటి సామానుతోనే కొలుస్తున్నారు. ఇంకొక్కసారి, అన్నాడు అల్మెన్.

సభలో ఆడవాళ్ళు మాట్లాడరు. అక్క మాటను తమ్ముడు చెప్పాలి. లిమాటో మోకాళ్ళ మీద జరిగి తమ్ముడు లాకెన్ వెనక్కి చేరింది.

"ఈసారి నువ్వు లే."

"పెద్దాయన ఉండగా నేనేంటక్కా?"

"నేల పెద్దాయనదా? ఆయన పడుకునే చాప కూడా పెళ్ళాం అల్లిందే."

పక్కనున్న ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. లాకెన్ నవ్వలేదు.

"పెద్దాయన తమ్ముడు కూడా కాదనే అన్నాడు. మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదు. యుద్ధం చివర్లో తిండికి లేక, కాయలన్నీ దింపమని జపాను సైనికులు అడిగారు. పిల్లలకేం పెట్టాలని, ఆయన కాదన్నాడు. పడవలో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. పడవ తిరిగొచ్చింది. ఆయన రాలేదు. ఆ రోజు నుంచి జిబాన్ నోట కాదన్న మాటే లేదు.

"నిన్ను పడవెక్కిస్తే నేనూ ఎక్కుతా," అంది లిమాటో. "అమ్మని ఆ చెట్ల కింద పూడ్చింది నువ్వే కదా. లేచి చెప్పు. నవ్వుతూ చెప్పు."

నవ్వుతూనే చెప్పాలి. మొహం మాడ్చుకుని కాదనేది పగవాళ్ళతోనే.

అధికారి మూడోసారి అడిగాడు. జిబాన్ నోరు తెరిచేలోపల లాకెన్ లేచాడు. మొహం నిండా నవ్వాడు.

"ఈ నేల మా అక్కది. ఆమె ఇవ్వదు. మేం ఎక్కడికీ రాం."

జిబాన్ కళ్ళు మూసుకున్నాడు. అధికారి చప్పట్లు చరిచి, నవ్వుతూ లేచి వచ్చి లాకెన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. పెట్టెల దగ్గరవాళ్ళు కూడా చేతులెత్తి సంతోషం తెలిపారు. తర్వాత అందరూ సామాను సర్దుకుని పడవ వైపు నడిచారు.

లిమాటో కళ్ళు తుడుచుకుంది. చుట్టి కట్టిపెట్టిన మొగలి చాపలు విప్పి పరవమని కూతుళ్ళను ఇంటికి పంపింది. లేత కొబ్బరికాయ ఒకటి కొట్టి అల్మెన్‌కి ఇచ్చింది. అతను పుచ్చుకున్నాడు గానీ తాగలేదు.

"ఆయనకి కోపం రాలేదు కదా?"

"రాలేదు పెద్దమ్మా."

"నువ్వు ఇంగ్లీషులో చెప్పకముందే ఆయన లేచొచ్చాడు. తమ్ముడి మొహం చూసే అర్థం చేసుకున్నాడు. మంచి మనిషి."

అల్మెన్ తల ఎత్తలేదు.

"పొద్దుట్నుంచీ ఆ పెట్టెలతో వాళ్ళు తీస్తున్నది సినిమా పెద్దమ్మా, సరిగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడిగారు, మావయ్య నవ్వుతూ లేవడం బాగా వచ్చిందట, మాటలు వాళ్ళ దేశంలో వాళ్ళే పెట్టుకుంటారట."