సలోమి గ్లౌజు

లీగ్ మ్యాచ్‌లు వారంలో ఉన్నాయి. కొత్త క్యాచర్ హైమ బంతి పట్టగానే గ్లౌజు విసిరికొట్టింది.

"చెయ్యి మండిపోతోంది సార్!"

ఆడపిల్లలంతా ఆట ఆపేశారు. పోయినేడు అది సలోమి గ్లౌజు. పొద్దున మిరపకాయలు కోసి, సాయంత్రం అవే చేతులతో సాఫ్ట్‌బాల్ ఆడేది. తన తర్వాత ఎవరు తొడుక్కున్నా ఇదే గోల.

"ఏడాదైనా ఘాటు ఉంటుందా సార్? సలోమే వచ్చింది," అందొక పిల్ల.

"నోర్ముయ్యండి!" అని కసిరాను.

"చేతులు కడుక్కొస్తాను సార్," అంటూ హైమ పక్క పత్తిచేలోకి పరిగెత్తింది. గట్టు మీద నీలం డ్రమ్ము ఉంది.

వెనకే ఉరికి, జబ్బ పట్టుకుని వెనక్కి ఈడ్చాను. పిల్ల ఏడ్చేసింది. సార్‌కి కూడా దెయ్యం భయమేనని మిగతావాళ్ళు గుసగుసలాడారు.

సలోమి పురుగుమందు తాగి చచ్చిపోయిందని ఊరంతా అంటుంది. ఎవడి కోసమో అని కూడా అంటుంది. ఆ మాటలకి వాళ్ళమ్మ చర్చికి రావడం మానేసింది.

ఆ రోజు సలోమి మిరప కోసిన చేతులతోనే గ్లౌజు ముట్టుకోబోతుంటే తిట్టి, కడుక్కు రమ్మన్నాను. మిరప ఘాటుకి ముక్కు చచ్చిన పిల్ల. కడుక్కుని, దాహమేసి రెండు దోసిళ్ళు తాగింది.

మామూలు నీళ్ళే అనుకుని ఆ డ్రమ్ము చూపించింది నేనే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.