పద్నాలుగో నంబరు

"పాపా, నా కాగితం వచ్చిందేమో చూడు."

షర్మిళ కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తకుండానే పేరు అడిగింది.

మాదమ్మాళ్ అని చెప్పింది ఆమె. అరవై దాటిన మనిషి. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. షర్మిళ ఫోన్‌లో వాళ్లమ్మతో తెలుగులో మాట్లాడటం విని, తమిళం మాని తనూ ఇంట్లో మాట్లాడే తెలుగులోకి వచ్చింది.

తమిళనాడు ధర్మపురిలోని ఆ చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు కంప్యూటర్‌లోకి మారిన మొదటి రోజు అది. ప్రోగ్రాం రాసింది షర్మిళే. ఏ చిన్న తప్పు దొర్లినా తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకు పొద్దున్నుంచి భయంగానే ఉంది.

పేరు కొట్టి చూసింది. మాదమ్మాళ్, పుట్టింది 1960 జనవరి ఒకటి. గుండె కోసం చేసిన రక్తపరీక్ష. నార్మల్.

"నీకేమీ లేదవ్వా. ఇంటికి పోవచ్చు."

ఆమె కదల్లేదు. బెంచీ వైపు చూపించింది.

అక్కడ ఒకావిడ గుండె పట్టుకుని, ఆయాసపడుతూ, మారియమ్మ తల్లిని మొక్కుకుంటూ కూర్చుని ఉంది. ఏరియూరు మనిషట. ఆమె పేరూ మాదమ్మాళేనట.

"ఇద్దరమూ ఒకే పరీక్షకు రక్తం ఇచ్చినాము. ఈ కాగితం ఎవరిదో సరిగా చూడు పాపా. ఆమె శానా భయపడి ఉండాది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకో అనుకుంది షర్మిళ. తన రిపోర్టు బాగున్నప్పుడు సంతోషంగా పోక, ఊరివాళ్ల సంగతి ఈమెకెందుకు? పుట్టిన తేదీ జనవరి ఒకటే కదా అని అడిగింది. ఆమె అవునంది. అయితే ఇది నీదే అని తేల్చేసింది.

"మా కాలంలో బడికి పోనోళ్లకంతా జనవరి ఒకటే కదా పాపా. అడిగితే అట్లనే రాసుకున్నారు."

షర్మిళకు విసుగొచ్చింది. ఇందులో తప్పు జరగదని కాస్త గొప్పగానే చెప్పింది. పట్టికలు, తేదీలు తను సొంతంగా కట్టినవి కావు. ప్రోగ్రాములు రాసే భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలోవి. పెద్ద పెద్దవాళ్లు ఎప్పుడో రాసి పెట్టారు, లోకమంతా వాటినే వాడుకుంటోంది.

ఆమెకు ఎంత అర్థమైందో ఏమో. ఇద్దరికి ఒకే పేరుంటే తాము ఊరిపేరు చేర్చి పిలుస్తామని మాత్రం అంది. కాసేపు అక్కడే నిలబడి, షర్మిళ ఇక తన వైపు చూడదని తెలుసుకుని, ఏరియూరామె దగ్గరకు వెళ్లి ఏదో చెప్పింది. చేతిసంచి తీసుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

అరగంట తర్వాత ల్యాబ్‌లోంచి వరదరాజన్ వచ్చాడు. తను ముప్పై ఎనిమిది మంది రక్తం పరీక్ష చేస్తే కంప్యూటర్‌లో ముప్పై ఏడు రిపోర్టులే ఉన్నాయేమిటని అడిగాడు. పద్నాలుగో టోకెన్ కనబడటం లేదు. అది గుండెపోటు రక్తం. ఆ మనిషిని ఈపాటికి మంచం మీద పడుకోబెట్టారా లేదా?

షర్మిళ తను రాసిన ప్రోగ్రాం తెరిచి చూసింది.

టోకెన్లు జనం పారేసుకుంటారని, పేరునూ పుట్టిన తేదీనీ కలిపి కీగా, అంటే మనిషిని పోల్చుకునే గుర్తుగా, పెట్టింది తను. ఈ ఇద్దరు మాదమ్మాళ్లలా ఒకే కీతో రెండో మనిషి వస్తే లైబ్రరీ మొదటి మనిషిని తీసేసి, ఆ చోటులో రెండో మనిషిని పెడుతుంది. తీసేసిన వివరాలను మాత్రం మన చేతికే తిరిగి ఇస్తుంది. చూసుకుంటే ఉంటాయి, చూసుకోకపోతే పోతాయి. ఆ సంగతి లైబ్రరీ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. లైబ్రరీ తప్పేమీ చేయలేదు.

తను చూసుకోలేదు.

పద్నాలుగో మనిషి ఊరు, ఫోన్ నంబరు అన్నీ పోయాయి. మిగిలింది ఒక్క పేరు, మాదమ్మాళ్.

షర్మిళ లేచి పరుగెత్తింది. బెంచీ మీద ఏరియూరామె ఇంకా మూలుగుతూనే ఉంది. బతికే ఉంది, ఇక్కడే ఉంది, దేవుడా అనుకుంది. డాక్టరును కేకేసి పిలిచింది. ఇద్దరు నర్సులు వచ్చి ఆమెను మంచం మీదికి చేర్చారు. ఛాతీకి వైర్లు పెట్టారు. ఆ పది నిమిషాలూ షర్మిళ తలుపు దగ్గరే నిలబడింది. ఈమెకు ఏమన్నా అయితే తను మళ్లీ కీబోర్డు ముట్టుకోనని మొక్కుకుంది.

డాక్టరు ఈసీజీ కాగితం చుట్ట విప్పి చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. గుండె బాగానే ఉంది, ఈమెది ఉత్త బెదురు అన్నాడు.

షర్మిళకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే వరదరాజన్ టోకెన్ అడిగాడు.

ఏరియూరామె కొంగు ముడి విప్పి, నలిగిన చీటీ ఒకటి తీసి షర్మిళ చేతిలో పెట్టింది.

ముప్పై ఒకటి.

షర్మిళ చీటీని తిప్పి చూసింది. ఇందాక వచ్చి మాట్లాడిన అవ్వ ఎక్కడికి పోయిందని అడిగింది.

"నువ్వు బాగుంది అన్నావంటనే, ఊరికి పోయింది" అంది ఏరియూరామె. "ఏ ఊరో నాకు తెలీదమ్మా. తెల్లారినప్పటినించి ఎడమ చెయ్యి లాగుతా ఉండాదని నాతో అనింది. నేను ఏడస్తా ఉంటే చూసి, నీది ముందు చూడమని ఆ పాపకు చెప్పి వస్తానని లేసింది."