తెర మీద నల్ల చుక్క

"కత్తి దించండి మామయ్యా. ఇది చూలుతో ఉంది," అంటూ ఇజ్జా గొర్రె మెడ కావలించుకుని కూర్చుంది. వీపున కట్టుకున్న పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు.

"చూలూ లేదు, పాడూ లేదు. అది కొవ్వు," అన్నాడు బాసూ. "నువ్వు పుట్టింటి నుంచి తెచ్చుకుని మూడేళ్లయింది. ఒక్కసారైనా ఈనిందా? మధ్యాహ్నానికి అతిథి ఉన్నాడు. మాంసం లేకుండా వట్టి కుస్‌కుస్ రవ్వ పెడితే ఈ కొండల్లో నేను తలెత్తుకు తిరగగలనా?"

"ఎవరా అతిథి?"

"ఉన్నాడులే. పెద్ద చదువులవాడు."

"మందలో ఇంకోదాన్ని కొయ్యండి."

"అన్నిటికీ పొద్దున్నే టీకాలు పడ్డాయి. మూడు వారాలు కొయ్యొద్దట. ఇదొక్కటే మిగిలింది."

ఇజ్జా పరుగున వెళ్లి, దొడ్డి అవతల సూదులు సర్దుకుంటున్న పశువుల డాక్టరు ద్రీస్‌ని తీసుకొచ్చింది. అతను స్కానింగు పెట్టె మెళ్లో వేసుకుని గొర్రె పొట్టకు దాని వైరు చివరి పిడి ఆనించాడు. తెర మీద మబ్బులు. మబ్బుల మధ్య పెద్ద నల్లటి గుండ్రం.

"అదే కదూ పిల్ల?" అంది ఇజ్జా.

"నీళ్లు," అన్నాడు బాసూ. "ఇందాకే తొట్టెడు తాగింది. ఉండండి, చూపిస్తా."

గొర్రె ముక్కు రంధ్రాలు రెండూ గట్టిగా మూశాడు. అది ఊపిరాడక గింజుకుని, ధారగా ఉచ్చ పోసేసింది. తెర మీద గుండ్రం మాయమైంది.

"చదువు నీదైనా గొర్రెల సంగతి నాది నాయనా," అని బాసూ మళ్లీ కత్తి అందుకున్నాడు.

"ఒక్క నిమిషం పెద్దాయనా." ద్రీస్ పిడి పక్కకు జరిపాడు. ఆలివ్ గింజంత నల్ల చుక్క కనిపించింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. చూస్తుండగానే అది మెల్లగా ముడుచుకుపోయింది.

బాసూ తన చేతులు చూసుకున్నాడు. "నేను ముక్కు వదిలేశానే. ఇప్పుడెవరు పోశారు?"

"లోపలున్న పిల్ల. ఆ చుక్క దాని ఉచ్చసంచి. పుట్టకముందే దాని కండ బిగించడం, వదలడం నేర్చుకుంటుంది. మళ్లీ నిండుతుంది చూడండి."

కాసేపటికి నిండింది కూడా.

"మా వాడికి ఏడాదొచ్చినా చెప్పి పోయడం రాదు," అంది ఇజ్జా, తడిసిన వీపు సర్దుకుంటూ. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

బాసూ కత్తి ఒరలో పెట్టాడు. "మరి అతిథికి ఏం పెట్టను?"

"కూరగాయలు పెట్టండి. ఆయనేమైనా అంటే నేను సర్దిచెప్తాను," అన్నాడు ద్రీస్ హుషారుగా.

మధ్యాహ్నం బాసూ ద్రీస్‌ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పళ్లెంలో కుస్‌కుస్ గుట్ట, దాని మీద ముల్లంగి, గుమ్మడి ముక్కలు. ద్రీస్ చుట్టూ చూశాడు.

"ఇంతకీ మీ అతిథి రాలేదేం?"

బాసూ పళ్లెం అతని ముందుకు జరిపాడు. "వచ్చాడు నాయనా. ఇక నీకు నువ్వే సర్దిచెప్పుకో."