బోర్డు కనపడని కుర్చీ

మనిషి గుమ్మంలో కాలు పెట్టకముందే వాడెవడో, ఏ పని మీద వచ్చాడో చెప్పేయడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. పుట్టినా నా కంటబడే ధైర్యం చేయలేదు.

తర్కం మాస్టారు కూడా ఆ విద్య తనకు వచ్చనే అనుకునేవారు.

కాలేజీలో ఆయనది తర్కశాస్త్ర శాఖ. శాఖంటే ఒక గది, ఒక బోర్డు, ఒక మాస్టారు, గుప్పెడు మంది పిల్లలు.

ఆ ఏడాది పనికిరాని శాఖల్ని ఎత్తేస్తారని పుకారు పుట్టింది. శాఖ పోతే మాస్టారి ఉద్యోగమూ పోతుంది.

“విన్నారా తర్కం గారూ?” అంది పక్కగది జంతుశాస్త్రం మేడమ్. “పరిశీలకుణ్ణి పంపుతారట. చెప్పాపెట్టకుండా వచ్చి క్లాసులో కూర్చుంటాడట. ఆయన బాగుందంటే సరే. లేదంటే మీరూ మీ తర్కమూ ఇంటికే.”

“మనిషి ఎలా ఉంటాడట?”

“ఎలా ఉంటాడు? నెరిసిన జుట్టు, కళ్ళజోడు, చేతిలో పెన్ను. మనం నోరు విప్పితే చాలు, రాసేసుకుంటాడు.”

మర్నాడు పాఠం మధ్యలో ఒక పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

నెరిసిన జుట్టు. కళ్ళజోడు. చేతిలో పెన్ను.

మాస్టారి గుండె కొట్టుకున్న చప్పుడుకి పక్కగదిలో కప్పల సీసాలు గలగలలాడాయి.

“దయచేయండి సార్! మీకోసమే చూస్తున్నాం.”

పెద్దాయన తడబడ్డాడు. “ఆలస్యమైంది మాస్టారూ. ఇన్నాళ్ళకి తీరిక చిక్కింది.”

“అయ్యో, మీకుండే పనులు మాకు తెలియవా!”

“వెనక బెంచీలో కూర్చుంటానండీ.”

“ఎంతమాట!”

మాస్టారు తన కుర్చీనే జేబురుమాలుతో తుడిచి, వేదిక మీద పిల్లలకు ఎదురుగా వేశారు. పెద్దాయన ఒదిగి ఒదిగి కూర్చున్నాడు. బోర్డు ఆయన వీపు వెనక్కి పోయింది.

“సార్, ఆయన...” అంటూ ఒకమ్మాయి లేచింది.

“తెలుసులే, కూర్చో. నాకు చెప్పొచ్చావు!”

మాస్టారిని అని ఏం లాభం? మా వియ్యంకుడు మొదటిసారి ఇంటికొస్తే, కరెంటు మీటరు చూడ్డానికొచ్చాడనుకుని పెరటి దారి చూపించిన ఘనుణ్ణి నేను.

పెద్దాయన రోజూ వచ్చాడు. మెడ వెనక్కి తిప్పి తిప్పి బోర్డు చూసి రాసుకున్నాడు. ఆయన రాసేకొద్దీ మాస్టారికి చెమటలు పట్టాయి.

ఒకరోజు ఆయన చెయ్యెత్తాడు.

“చిన్న సందేహం మాస్టారూ. వాన పడితే నేల తడుస్తుందన్నారు. మరి నేల తడిసి కనపడితే వాన పడినట్టేనా?”

తనను పరీక్షిస్తున్నాడనుకున్నారు మాస్టారు.

“చాలా విలువైన సూచన సార్! వచ్చే అయిదేళ్ళ ప్రణాళికలో తప్పకుండా చేరుస్తాం.”

పెద్దాయన పెన్ను గాలిలో ఆగిపోయింది. “ప్రణాళిక సంగతి కాదండీ. ఇంతకీ వాన పడినట్టా, పడనట్టా?”

“మీరెలా అంటే అలాగే సార్! టీ చల్లారిపోతోంది, తీసుకోండి.”

మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ టీ.

“మాస్టారూ,” అన్నాడు పెద్దాయన చివరికి. “కుర్చీ ఇస్తున్నారు, టీ ఇస్తున్నారు. అడిగినదానికి జవాబు మాత్రం ఇవ్వడం లేదు.”

మాస్టారు రెండు చేతులూ జోడించారు. “దిద్దుకుంటాం సార్! ఇదొక్కటీ రాసుకోకండి!”

“రాసుకోకూడదా?”

“మీ కాళ్ళు పట్టుకుంటాను.”

పెద్దాయన పెన్నుకి మూత పెట్టాడు. నమస్కారం చేశాడు. నవ్వుతూ వెళ్ళిపోయాడు.

“ఇవాళ ఒక్క ముక్క రాసుకోలేదు మేడమ్!” అన్నారు మాస్టారు పక్కగదిలోకి తొంగిచూసి. “గట్టెక్కాం!”

“అయితే మీ టీ పనిచేసిందన్నమాట.”

కొన్నాళ్ళకి ప్రణాళికా విభాగం అధికారిణి స్వయంగా వచ్చింది.

“మీ శాఖ ఎత్తేశాం మాస్టారూ. మీకు నేనే చెప్పాలని వచ్చాను.”

“అదేంటమ్మా! మీ పరిశీలకుడు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు కదా?”

“పరిశీలకుడా? మేమెవర్నీ పంపలేదే! ఈసారి తలలు లెక్కపెట్టాం, అంతే. ఆరుగురుంటే శాఖ ఉంటుంది. మీకు ఐదుగురే.”

“నాకు మొదట్నుంచీ ఐదుగురే కదమ్మా.”

“లేదండీ. అడ్మిషన్ల చివరి రోజున ఆరో ఆయన చేరారు. రిటైరయ్యాక చదువుకోవాలని కోరికట. మొన్న ఆఫీసుకొచ్చి మానేస్తానన్నారు.”

మాస్టారు కూర్చోబోయి చెయ్యి వెనక్కి చాపారు. అక్కడ కుర్చీ లేదు. అది ఇంకా పెద్దాయనకి వేసినచోటే ఉంది.

“ఎందుకు... ఎందుకు మానేశారటమ్మా?”

“మాస్టారు చాలా మర్యాదస్తులు, నన్ను శిష్యుడిగా మాత్రం చేర్చుకోవడం లేదు అన్నారు.”

“నేను వెళ్ళి పిలుచుకొస్తాను. ఇప్పుడే వెళ్తాను.”

“లెక్క తేల్చే గడువు నిన్నటితో అయిపోయిందండీ.”

కప్పల సీసాలు గలగలలాడటం ముమ్మాటికీ నిజం. పెద్దాయన నవ్వుతూ వెళ్ళాడని రాశాను చూశారూ, అదొక్కటే నేను కల్పించింది. నవ్వలేదట. వెనక బెంచీలో కూర్చోమంటారేమోనని గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూశాడట.